ఎవరి శ్రుతికి ఎవరు సర్దుకోవాలి?

పాశ్చాత్య ఆర్కెస్ట్రా, అరబ్బు వాద్యాలు ఒకే వేదిక ఎక్కినప్పుడల్లా ఒక ప్రశంస వినబడుతుంది: సంగీతానికి ఎల్లలు లేవు, మనుషులంతా ఒక్కటే అని. 2008లో దోహాలో ఖతార్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా తొలి కచేరీ జరిగింది. లోరిన్ మాజెల్ నిర్వహణలో, లెబనాన్ స్వరకర్త మార్సెల్ ఖలీఫే రాసిన ‘అరేబియన్ కాన్చెర్టో’ వినిపించారు. ఎల్లలు లేవన్న ఆ ప్రశంస అలాంటి కచేరీలకు అతికినట్టుంటుంది. అందులో మంచి మనసుంది. కాని అది సంగీతం విషయంలోనూ నిజం కాదు, మతాల విషయంలోనూ నిజం కాదు. ఆ రెండు సంప్రదాయాల మధ్య ఎల్ల ఉంది, దాన్ని కొలిచి చూపవచ్చు కూడా. ఆ ఎల్లను చెరిపేయకుండానే కలిసి వాయించగలగడం ఇలాంటి కచేరీల అసలు విలువ అని నా వాదన. భిన్న విశ్వాసాలవారు కలిసి బతకడమెలా అన్న ప్రశ్నకు కూడా నాకు అక్కడే జవాబు కనిపిస్తుంది.

మన రాగాలు ఎరిగినవారికి ఆ ఎల్ల సులభంగా తెలుస్తుంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ దాదాపు నడుమ మరో గాంధారాన్ని ఊహించండి. స్థూలంగా మన రాగాన్ని పోలిన మఖామ్‌లలో ముఖ్యమైన రాస్త్‌కు ఆ స్వరమే ప్రాణం. ఊద్ అనే తీగవాద్యం మీద ఆ మెట్టు బాగ్దాదు విద్వాంసుడు జల్జల్ పేరుతో ప్రసిద్ధమైంది. 10వ శతాబ్దంలో తత్వవేత్త అల్-ఫారాబీ దాన్ని 27:22 నిష్పత్తిగా లెక్కకట్టాడు. పియానోలో ఆ స్వరానికి మీటే లేదు. పైగా అది ఎక్కడా ఒకే చోట నిలవదు: కైరోలో కాస్త కిందికి, ఇస్తాంబుల్ వైపు కాస్త పైకి జరుగుతుంది. దీన్ని అపశ్రుతి అనే చెవి తన అలవాటునే ప్రకృతి ధర్మం అనుకుంటోంది. నిజానికి పియానో శ్రుతి కూడా ప్రకృతి ఇచ్చింది కాదు. ఏ స్వరాన్ని షడ్జంగా పెట్టుకున్నా వాయించగలిగే సౌలభ్యం కోసం ఐరోపా 5:4 నిష్పత్తిలోని తన సహజ గాంధారాన్ని వదులుకుని, స్థాయిని 12 సమభాగాలు చేసుకుంది. ఆ సర్దుబాటు లేకుండా 19వ శతాబ్దపు ఐరోపా సంగీతాన్ని ఊహించలేం. అయినా అది వాళ్లు తమ అవసరానికి చేసుకున్న ఒప్పందమే గాని లోకానికంతటికీ తూకపురాయి కాదు.

1932లో ఈజిప్టు రాజు ఫువాద్ పోషణలో కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిగింది. ఐరోపా నుంచి బార్తోక్, హిండెమిత్, కుర్ట్ సాక్స్ వంటి సంగీతజ్ఞులు వచ్చారు. స్థాయిని 24 సమభాగాలు చేస్తే అన్ని ప్రాంతాల స్వరాలూ ఒకే చట్రంలో ఇముడుతాయన్న ఆలోచన మీద తీవ్రంగా చర్చించారు. ఏకాభిప్రాయం కుదరలేదు, ఎందుకంటే వాయించేవారి చెవి ఒప్పుకోలేదు. సమానంగా పంచితే న్యాయం జరిగినట్టే ఉంటుంది. తీరా చూస్తే కైరో రాస్త్, ఇస్తాంబుల్ రాస్త్ రెండూ తమ రుచి కోల్పోతాయి. ‘అన్ని మతాలూ చెప్పేది ఒకటే’ అనే మాట నాకు ఈ 24 భాగాల కొలతలాగే తోస్తుంది. ముస్లిం నమ్మే తౌహీద్ (దేవుని ఏకత్వం), క్రైస్తవుడు నమ్మే త్రిత్వం, అద్వైతి చెప్పే బ్రహ్మం ఒకటేనని తీర్పు చెప్పేవాడు ఆ ముగ్గురిలో ఎవరి మాటనూ చివరిదాకా వినలేదు. వాళ్ల మీద తన సగటును మోపాడు, ప్రేమతోనే కావచ్చు.

దీనికి గట్టి అభ్యంతరం ఆ కైరో సభలోనే ఉంది. అరబ్బు సంగీతంలోకి పియానో వద్దన్నవారిలో సాక్స్ వంటి ఐరోపా పండితులున్నారు. కావాలన్నది ఈజిప్టు వాళ్లు. మరి ఎల్లల గురించి మాట్లాడేవాడు ఇతరుల సంగీతాన్ని మ్యూజియంలో పెట్టి తాళం వేయడం లేదా? ఆ ప్రమాదం నా వాదనకూ ఉంది. కాని ఆ తర్వాత జరిగింది చూడాలి. నలుగురైదుగురు ఉండే తఖ్త్ మేళం వరసల కొద్దీ వయొలిన్లు, చెల్లోలు, డబుల్ బాస్‌తో పెద్ద ఫిర్కాగా పెరిగింది. 1964లో ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ ‘ఇన్త ఉమ్రీ’ పాడినప్పుడు ఎలక్ట్రిక్ గిటారు కూడా చేరింది. అయితే ఆ మేళానికి వెన్నెముకగా నిలిచినవి మెట్లు లేని తీగవాద్యాలే. వయొలిన్ తీగల శ్రుతిని సైతం అరబ్బులు తమకు తగ్గట్టు మార్చుకున్నారు. మన దగ్గరా ఇదే జరిగింది. బాలుస్వామి దీక్షితుల కాలంలో వచ్చిన వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు నాటికి పూర్తిగా మనదైపోయింది. హార్మోనియం మాత్రం గమకం పలకదన్న కారణంతో 1940లో ఆలిండియా రేడియోకు దూరమైంది. మార్పు వద్దనడం లేదు. మార్పును చెవి ఎంచుకుందా, వెనకబడ్డామన్న బెంగ ఎంచుకుందా అన్నదే నా ప్రశ్న.

మరి అందరికీ ఒకే శ్రుతి లేకుండా అంతమంది కలిసి వాయించడమెలా? తఖ్త్‌లో ఊద్, తీగల ఖానూన్, వేణువు వంటి నాయ్ ఒకే పాటను ఎవరి అలంకారాలతో వారు వాయిస్తారు, అయినా పాట చెదరదు. ఆర్కెస్ట్రా కూడా రాస్త్ వచ్చినచోట ఆ గాంధారాన్ని ఖానూన్ వింటూ పట్టే తీగవాద్యాలకు అప్పగించవచ్చు. మిగతా వాద్యాలు షడ్జ పంచమాల మీద నిలవవచ్చు. ఊద్ మీద తఖాసీమ్, అంటే ఆలాపన, సాగినంతసేపు కండక్టర్ చేయి దించి ఆగవచ్చు. వీటన్నిటిలోనూ తగ్గుతున్నది పెద్ద పక్షమే. సర్దుబాటు ఇరువైపులా సమానంగా ఉండాలి కదా అంటారు. సంఖ్య, రాసిపెట్టిన సంగీతం, బిగించిన శ్రుతి అన్నీ ఒకవైపే ఉన్నప్పుడు సమాన సర్దుబాటు అడిగితే ఊద్ ఒక అలంకారంగా మిగిలిపోతుంది. కొద్దిమంది నమ్మే విశ్వాసానికి పెద్ద సమాజంలో పట్టే గతి కూడా ఇదే.

వినడంలోనూ ఇదే చిక్కు. సంగీతం హృదయంలో లేనిదాన్ని తేదు, ఉన్నదాన్నే కదిలిస్తుందని ఇస్లాం పండితుడు అల్-గజాలీ తలచాడు. అలా కదిలిన కైరో శ్రోత ‘అల్లా!’ అని గట్టిగా అంటాడు. ఇమాము కూతురు, చిన్ననాడే ఖురాన్ పఠనం నేర్చిన ఉమ్ కుల్సూమ్ ఆ పిలుపు విని అదే చరణాన్ని మరో తీరున పాడేది. పాశ్చాత్య హాలులో ఆ పిలుపు అమర్యాద. అక్కడి మౌనమూ ఒక రకం భక్తే. ఒకదాని కోసం రెండోదాన్ని రద్దు చేయనక్కర్లేదు, ఎప్పుడు ఏది తగునో శ్రోతలకు ముందే చెబితే చాలు.

1999లో వైమార్‌లో కండక్టర్ డానియెల్ బారెన్‌బోయిమ్, రచయిత ఎడ్వర్డ్ సయీద్ స్థాపించిన వెస్ట్-ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రా ఇజ్రాయెలీ, అరబ్బు యువ వాద్యకారులను పక్కపక్కన కూర్చోబెట్టింది. తమది శాంతి పథకం కాదు, అజ్ఞానం మీద పోరాటం అని బారెన్‌బోయిమ్ చెబుతూ వచ్చాడు. ఆ నిజాయితీకి నా గౌరవం. కాని వారు ప్రధానంగా వాయించింది బీథోవెన్, బ్రామ్స్ వంటివారినే. అరబ్బు పిల్లలు ఐరోపా శ్రుతిలో ఒదగడం నేర్చారు. ఇక మిగతావారు ఖానూన్ వాద్యకారుడి ఎదుట కూర్చుని ఆ నడిమి గాంధారాన్ని పట్టడం నేర్వాలి, దానికి సింఫనీకి ఇచ్చినంత రిహార్సల్ సమయం ఇవ్వాలి.