ఇరువురి నడుమ ఒక నాలుక

దళారి యన్న మాట మన యిండ్లలో గౌరవముగా వినబడదు. ‘అవి దళారి మాటలు’ అన్నచో నమ్మదగినవి కావనియే భావము. తెలుగున అతనికి తరగరి యని పాత పేరు కలదు. అతడు పుచ్చుకొను సొమ్ము తరగు. పేరు మరుగుపడినను అనుమానము మిగిలియున్నది. సొంత సరకు లేక, ఇరువురి నడుమ నిలిచి మాటలతో బ్రదుకువాడు సత్యవంతుడు కాగలడా? అయినచో ఆ సత్యమును ఎవరికి, ఎంతవరకు చెప్పవలెను?

బళ్లారి మండీలో ఒక పత్తి కొట్టున చిరకాలము లెక్కలు వ్రాసినవాడను గనుక అతని దినచర్య నెరుగుదును. ప్రొద్దు పొడుచుసరికే దళారి మండీలో నుండెడివాడు. ఆలూరు, ఆదోని వైపుల నుండి వచ్చిన బోరెముల నడుమ తిరుగుచు, గుప్పెడు పత్తి లాగి, దూదిని రెండు బొటనవ్రేళ్ల నడుమ మెల్లగా సాగదీసి పోగు పొడవు చూచెడివాడు. గింజను పంట నొక్కి తేమ కనిపెట్టెడివాడు. పిమ్మట మచ్చును గుడ్డలో మూటగట్టి ఖరీదుదారుల గద్దెల చుట్టును, జిన్నింగు మిల్లుల చుట్టును తిరుగుట. రైతుతో తెలుగు, మండీవారితో కన్నడము, మార్వాడీ షేటుతో హిందీ; మూడు భాషలలో ఒకే బేరము. 1953 అక్టోబరు 1న ఆదోని ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినను పత్తి బండ్లు సరిహద్దు చూడలేదు. మనవారికి ఈ దుబాసీ పని క్రొత్తది కాదు. కచేరీలో తాతకు, ఆసుపత్రిలో అమ్మకు మాటలు చేరవేయుచు పెరిగినవారమే కదా. మధ్యాహ్నమునకు ధర తెగెడిది. అటుపై కాటా దగ్గర తడి పేరిట కోతల తగవులు, రాత్రి చిట్టా. నేనెరిగిన ఒక దళారి దస్తూరి కాకిగీతలు. అంకె మాత్రము ఏనాడును తప్పలేదు.

ఇక ధర్మసందేహము. ‘క్వింటాలు 6,900 వరకు దిగుదును’ అని రైతు అతని చెవిలో చెప్పుననుకొందము. ‘7,100 వరకు చూడుము’ అని షేటు అనును. రెండు రహస్యములును ఒక్కని కడుపులో నున్నవి. ఒకరిది మరియొకరికి చెప్పినచో ద్రోహము, చెప్పకున్నచో అసత్యమా? 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ విభాగమున, మాటాడవలసిన బాధ్యత యున్నపుడు తప్ప ఊరక మౌనము వహించుట మోసము కాదని యున్నది. ధరల మార్పు ముందుగా తెలిసిన వర్తకుడు ఎదుటి వర్తకునికి దానిని తెలుపనక్కర లేదని ఉదాహరణము కూడ నిచ్చిరి. కాని ఆ వర్తకులు ఎదురెదురుగా నిలిచినవారు. దళారినో, ఇద్దరును తమవాడనియే నమ్ముదురు. భారత శాంతిపర్వమున జాజలికి ధర్మము చెప్పిన తులాధారుడు వర్తకుడే గాని, తన త్రాసున తన సరకు తూచి యమ్మినవాడు. ఈ చిక్కు ఆయనకు లేదు. నా మట్టుకు, నమ్మి చెప్పిన హద్దును దాచుట దళారికి ధర్మమే. సరకులోని తడిని గాని, షేటు పాత బాకీలను గాని దాచుట ధర్మము కాదు.

అయినను లెక్కలు వ్రాసినవానికి అసలు ప్రమాదము వేరొకచోట కనబడును. నూటికి రూపాయి తరగు అనుకొందము. 7,000 రూపాయల క్వింటాలుకు 70 రూపాయలు. రైతు కొరకు మరి 100 పెంచుటకు జాము సేపు వాదించినచో దళారికి దక్కునది ఒక్క రూపాయి. ఆ వాదములో బేరము చెడెనా, 70 రూపాయలును పోవును. ధర హెచ్చినను తగ్గినను అతనికంతగా పట్టదు, బేరము తెగుటయే కావలెను. తెగవలెనన్న ఎవరినో యొకరిని వంచవలెను. బండి బాడుగ పెరుగుచు, అప్పులవాడు ఊరిలో కాచుకొనియుండగా, సాయంకాలమునకు వంగువాడెవడో వేరుగా చెప్పవలెనా? అప్పుడు దళారి ఒక్క అబద్ధమైనను ఆడనక్కర లేదు. ‘రేపు ధర పడవచ్చును’ అనిన చాలును. నిజముగా పడవచ్చును కూడ. వెయ్యి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్న మన సామెత కుదుర్చుటనే పుణ్యముగా నెంచినది. పెండ్లిండ్ల పేరయ్యలు దానిని ఎట్లు వాడుకొనిరో ఆడపిల్లల తండ్రులనడుగుడు!

2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ వంటి ఏర్పాట్ల వలన నేడు పలు మండీలలో ధరలు తెరపైననే కనబడుచున్నవి. అది మేలే. అయినను ‘ఇప్పుడమ్మవచ్చునా, అన్నా?’ అని యడుగుటకు రైతు ఒక మనిషినే వెదకును.

పైన జెప్పిన కాకిగీతల దళారి యుండెను. ఒక సాయంకాలము షేటు ధరను బాగుగా తగ్గించి యడుగగా, అలసియున్న రైతు తల యూపబోయెను. దళారి బోరెముల మూతులు కుట్టించి, ‘ఈ రాత్రి మా అరుగుమీద పండుకొమ్ము, పెద్దాయనా, రేపు చూతము’ అనెను. షేటు కోపించి రెండు వారములు ఆయనను గద్దె దరికి రానీయలేదు. మరునాడు ఆ పత్తి వేరొకరికి, క్వింటాలుకు 5 రూపాయలు మాత్రమే ఎక్కువగా అమ్ముడుపోయెను. నిలిచిన బండి బాడుగకైనను అది చాలలేదు. రైతునకు లాభము కలిగినదా యని నన్నడిగినచో, చిట్టా ప్రకారము లేదనియే చెప్పవలెను. మరుసటి యేడు ఆ రైతు బండి దిగుచునే, ‘మా అన్న వచ్చినాడా?’ అని మా కొట్టున విచారించెను.