మచ్చ పక్షాన సాక్ష్యం

తెలుగునాట పదో తరగతి గట్టెక్కిన ప్రతివారి సర్టిఫికెట్టులోనూ రెండు గుర్తింపు మచ్చలు రాసి ఉంటాయి. కుడి చెంప మీద పుట్టుమచ్చ, ఎడమ మోచేతి మీద గాయపు మచ్చ అని ఒక్క ముక్క రాసుకుంటే మనిషిని పోల్చుకోవడానికి అది చాలునని సర్కారు నమ్మకం. అదే మనిషి సర్కారు కొలువులో గాయపడి, ఆ మచ్చను చూపి పరిహారం అడిగితే మాత్రం, "ఇది మా కొలువులోనే తగిలిందని ఋజువేమిటి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. మనిషిని పట్టి ఇవ్వడానికి పనికివచ్చే మచ్చ, ఆ మనిషి పక్షాన సాక్ష్యం చెప్పడానికి పనికిరాదా? ఈ ప్రశ్నను పాఠక మిత్రుల ముందు పెట్టదలచాము.

యుద్ధంలో, సైనిక సేవలో గాయపడినవారి పింఛను అప్పీళ్లలో తరచుగా వచ్చే ప్రశ్న ఇది. ఐనా ఎమిరేట్సులో కాపురముంటున్న మనకు ఇది పరాయిది కాదు. ముసఫ్ఫాలో, సోనాపూర్‌లో జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల మనుషులున్నారు. ఇనుప కడ్డీ చీరిన ముంజేయి, వేడి తారు పడ్డ పాదం, వెల్డింగు నిప్పు తగిలిన మెడ మా వైద్యులకు కొత్త కాదు. వాళ్లు తొడిగినవి సైనికుల బట్టలు కాకపోవచ్చు, ఎదుర్కొనే ప్రశ్న మాత్రం అదే.

మచ్చకు వెల కట్టడం ఎలా అన్నది మొదటి చిక్కు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఇందుకు కొలబద్ద పట్టుకుంది. తల, ముఖం, మెడ మీది మచ్చలకు ఎనిమిది లక్షణాలు ఏర్పరచింది. పొడవు 13 సెంటీమీటర్లు గాని అంతకు మించి గాని ఉండడం, వెడల్పు 0.6 సెంటీమీటరుకు తగ్గకపోవడం, ఎత్తుగానో గుంటగానో ఉండడం, అడుగు కండకు అతుక్కుపోవడం, చర్మం రంగు మారడం, బిరుసెక్కడం వంటివి అవి. ఒక లక్షణముంటే 10 శాతం, రెండు మూడుంటే 30, నాలుగైదుంటే 50, ఆరు గాని అంతకు మించి గాని ఉంటే 80. పన్నెండు సెంటీమీటర్ల మచ్చకు దుఃఖం తక్కువా అని ఎవరైనా అడగవచ్చు. ఐనా ఈ బద్దలో ఒక సుగుణముంది. సిపాయి ముఖానికీ జనరల్ ముఖానికీ కొలత ఒక్కటే, శాతాన్ని బట్టి వచ్చే భత్యమూ ఒక్కటే.

ప్రాచీన ఇస్లామిక ధర్మశాస్త్రం కూడా తల, ముఖం మీది గాయాలను లోతును బట్టి తరగతులుగా విభజించింది. ఎముక బయటపడిన గాయాన్ని 'ముదిహా' అంటారు. దానికి పరిహారం ఐదు ఒంటెలు. ఆ లెక్కలో గాయపడినవాడి సంపాదన ప్రసక్తి లేదు. నేటి కార్మిక చట్టాల దారి వేరు. ఎమిరేట్సులో 1980 నాటి చట్టం స్థానంలో 2022 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం, పనిలో మరణిస్తే 24 నెలల మూల వేతనం, 18,000 దిర్హములకు తగ్గకుండా, రెండు లక్షలకు మించకుండా ఇవ్వాలి. శాశ్వత వైకల్యానికి అందులో కొంత శాతం. ఒకే గాయం ఇద్దరికి తగిలి, పది శాతం వైకల్యమని తేలిందనుకుందాం. మూల వేతనం వెయ్యి దిర్హములున్న కూలీకి 2,400 వస్తే, ఎనిమిది వేలున్న ఇంజనీరుకు 19,200 వస్తుంది. పోయిన రాబడికి బదులుగా చూస్తే ఈ లెక్క సబబే. చర్మానికి వెలగా చూస్తే సబబు కాదు. మచ్చ ఈ రెంటిలో దేనికి చెందుతుందో నిక్కచ్చిగా చెప్పడం కష్టం. మన దేశపు 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టికలో రెండు చేతులు పోవడం పక్కనే, ముఖం అతి ఘోరంగా వికృతం కావడాన్ని కూడా నూరు శాతం వైకల్యంగా చేర్చారు. చేతులు రెండూ బాగున్నా, నలుగురూ చూడలేని ముఖంతో బతుకు సాగదని ఆ పట్టిక రాసినవారికి తెలుసు.

వెల సంగతి ఇలా ఉంచుదాం. అంతకన్నా పెద్ద చిక్కు, మచ్చ ఎక్కడిది అన్నది. ఇక్కడ వైద్యశాస్త్రం చేయగల సాయం బహు స్వల్పం. కొత్త మచ్చ ఎర్రగా ఉండి దురద పెడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు చల్లబడి రంగు తగ్గుతుంది. ఆ తర్వాత అది ఐదేళ్లదా, ఇరవై ఐదేళ్లదా అని చూపుతో తేల్చడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. అంచేత మచ్చ తనంతట తాను చెప్పుకోలేని కథ కాగితం చెప్పాలి. ఆ కాగితం లేకపోతే?

1973 జూలై 12న సెయింట్ లూయిస్ నగర శివారులో అమెరికా సైనిక రికార్డుల భవనం తగలబడి, కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. ఆ ఫైళ్లను భద్రపరచవలసిన బాధ్యత సైనికులది కాదు, సర్కారుది. ఇటువంటి చోట ఆ దేశపు చట్టం చెప్పేదేమిటంటే, సాక్ష్యం రెండు వైపులా సమానంగా తూగినప్పుడు సందేహ లాభం సైనికుడికే చెందాలి. మన సుప్రీంకోర్టు కూడా 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇదే దారి పట్టింది. అది మచ్చ కేసు కాదు, మూర్ఛరోగం కేసు. సైన్యంలో చేర్చుకున్నప్పుడు వైద్యులు పరీక్షించి ఏ లోపమూ రాయకపోతే, ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, కాదని నిరూపించే భారం సైన్యానిదేననీ కోర్టు చెప్పింది. పింఛను నిబంధనలు 2023లో మళ్లీ మారాయి. ఐనా ఆ తర్కానికి మచ్చ కన్నా మంచి ఉదాహరణ లేదు. చేరిన రోజున ఒళ్లంతా చూసి గుర్తులు రాసుకున్న కాగితంలో లేని మచ్చ దిగిపోయే రోజున కనబడితే, అది ఆ మధ్య కాలంలో తగిలినదే.

చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డ మచ్చను యుద్ధపు మచ్చ అని చెప్పేవాళ్లుండరా అని కొందరనవచ్చు. ఉంటారు. సందేహమున్న చోట ఏదో ఒక పొరపాటు తప్పదు. ఒక అబద్ధీకుడికి డబ్బు పోవడం ఒక పొరపాటు, ఒక నిజాయితీపరుడిని అబద్ధీకుడని తిప్పి పంపడం ఇంకొకటి. మా దృష్టిలో రెండోదే పెద్దది. ఎందుకంటే దాన్ని ముందే నివారించగల శక్తి గాయపడినవాడికి లేదు. నెత్తురు కారుతున్నవాడు కలం పట్టలేడు. కలం చేతిలో ఉన్నవాడు రాయలేదు గనుక సందేహం పుట్టింది. దాని నష్టం కూడా అతడిదే కావాలి.

ఇంత మాత్రాన జాలితో అంకెలు పెంచమని మా ఉద్దేశం కాదు. మన సైన్యంలో పూర్తికాలం సేవ చేసి దిగినవాడికి, వైకల్యం 20 శాతానికి తగ్గితే ఆ పింఛను భాగం రాదు. పదిహేను శాతాన్ని ఇరవై చేయమని ముఖం చూసి అడిగినప్పుడు వైద్యుడి చెయ్యి వణకడం సహజం. కాని లేని ఐదు శాతం రాసిన కలాన్ని రేపు ఉన్న మాట రాసినా ఎవరూ నమ్మరు. సందేహాన్ని సైనికుడికి వదలడం న్యాయం, నిజాన్ని వదలడం కాదు.

మన సంఘంలో వైద్యులు, నర్సులు, సైటు ఇంజనీర్లు, సేఫ్టీ ఆఫీసర్లు, లెక్కల గుమాస్తాలు ఉన్నారు. ఈ దేశంలో కూలివాడి గాయం గురించి మొదటి వాక్యం రాసేది చాలాసార్లు మనమే. "స్వల్ప గాయం, కట్టు కట్టి పంపడమైనది" అన్న వాక్యం ఆ రోజుకు చాలు. పదేళ్ల తర్వాత అది ఎవరికీ అక్కరకు రాదు. ఏ చెయ్యి, ఎన్ని సెంటీమీటర్లు, ఏ తేదీ, ఏ సైటు, ఏ పనిలో ఉండగా అన్న ఐదు మాటలు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒక నకలు ఆ మనిషి చేతికే ఇవ్వడానికి మరో నిమిషం. వీసా ముగిసి ఊరు చేరిన మనిషి వెంట వెళ్లేవి ఆ మచ్చ, ఆ కాగితం. మచ్చ ఎలాగూ వెళుతుంది. కాగితం వెళ్లేదీ లేనిదీ మన చేతుల్లో ఉంది.