లీలావతి కోరిన వరము

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమునందు ప్రహ్లాదుడు తన తోడి దైత్యబాలురకు తన పుట్టుకను గూర్చి చెప్పిన ఘట్టమొకటి కలదు. హిరణ్యకశిపుడు తపస్సునకై మందరగిరికి వెళ్ళియుండెను. ఆ అదను చూచి దేవతలు దైత్యపురముపై దండెత్తిరి. దానవవీరులు ఆలుబిడ్డలను సైతము విడిచి పారిపోయిరి. గర్భవతియైన రాజపత్ని లీలావతిని ఇంద్రుడు చెఱపట్టి కొనిపోవుచుండగా ఆమె దిక్కులు పిక్కటిల్ల విలపించెను. దారిలో నారదమహర్షి ఎదురై ఇంద్రుని వారించెను. ఈమె కడుపున శత్రువు బీజమున్నది, ప్రసవమగువరకు ఉంచుకొని శిశువును వధించి ఈమెను విడిచెదనని ఇంద్రుడు చెప్పెను. ఆ గర్భస్థుడు పాపరహితుడు, పరమభాగవతుడు, నీ చేత చావడని మహర్షి పలికెను. ఇంద్రుడు ఆమెను విడిచి, భక్తుని గర్భమున ధరించిన ఆ తల్లికి ప్రదక్షిణము చేసి వెడలిపోయెను.

నారదుడు లీలావతిని తన ఆశ్రమమునకు కొనిపోయి, భర్త తిరిగి వచ్చువరకు నిర్భయముగ ఉండుమనెను. అచ్చట ఆమె మహర్షిని భక్తితో సేవించినది. ఆ సేవకు ఫలముగ ఆమె కోరినవి రెండు. మొదటిది గర్భక్షేమము. రెండవది ఇచ్ఛాప్రసూతి, అనగా తాను కోరినప్పుడే ప్రసవమగుట. దయామయుడైన మహర్షి ఆమెను అనుగ్రహించెను.

ఈ కథను భక్తలోకము ప్రహ్లాదుని జ్ఞానమునకు మూలముగ తలచును. అది నిజమే. కాని గృహస్థులు గ్రహింపవలసిన సంగతి మరియొకటి ఇందు దాగియున్నది. శిశువు పుట్టి ఏమగునోయను భయముతో ఇంద్రుడు ఆ గర్భమును గూర్చి నిర్ణయము చేసెను. మోయుచున్న తల్లిని అతడు అడుగలేదు. నారదుడు శిశువును కాపాడెను, తల్లి మనస్సును కూడ మన్నించెను. బిడ్డ క్షేమము, తల్లి ఇచ్ఛ ఒకే వరములో ఇమిడినవి. ఈ రెండింటిని విడదీసినచోటనే నేటి కుటుంబములలో కలతలు పుట్టుచున్నవి.

మన పెద్దలు వివాహమును షోడశ సంస్కారములలో ఒకటిగ చేసిరి. కన్యాదాన సమయమున వరుడు ధర్మమునందును, అర్థమునందును, కామమునందును ఈమెను అతిక్రమింపనని ‘నాతిచరామి’ యని ప్రమాణము చేయుచున్నాడు. తెలుగు పందిళ్ళలో ఈ మాట పలుకని పెండ్లి అరుదు. కాని భజంత్రీల సందడిలో దాని అర్థము వరునికే వినబడుట లేదు. కామమునందు అతిక్రమింపననుట యనగా దాంపత్యమున, సంతాన విషయమున సైతము ఆమె సమ్మతిని దాటి పోననుటయే. పిమ్మట సప్తపదిలో ఏడవ అడుగుతో వధువు అతనికి సఖి యగుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము కూడ సప్తపది ఆచారమున్నచోట ఏడవ అడుగుతోనే వివాహము సంపూర్ణమగునని నిర్దేశించినది. సఖిని అడుగకుండ సఖుడు ఏ నిర్ణయము చేయును?

కాలము మారినది, కుటుంబము మారినది. నాలుగు తరములవారు ఒక వంటయింట భుజించిన లోగిళ్ళు విడిపోయినవి. పిల్లలు దూరదేశములందు, తల్లిదండ్రులు స్వగ్రామమందు ఉండుట సామాన్యమైనది. 1929 నాటి శారదా చట్టము వివాహమునకు బాలికకు 14, బాలునకు 18 ఏండ్ల కనీస వయస్సు విధించెను. 1978 నాటి సవరణ దానిని 18, 21గా పెంచెను. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కల్పించినది. 2005లో దేశమంతటను కుమార్తెలకు ఆ హక్కు వచ్చినది. ఈ మార్పులన్నింటిని చూచి కలికాలమని నిట్టూర్చువారు కలరు. కాని ఆకారము మారినంత మాత్రమున ధర్మము చెడదు. పాత ఇంటి గోడలు పడినను అందలి దీపమును క్రొత్త ఇంటికి తీసికొనిపోవచ్చును.

దీపము ఆరిపోవుచున్నచోటు వేరు. స్త్రీ గర్భమును ఇతరులు తమ లెక్కలకు సాధనముగ చేసికొనుటయే ఆ చోటు. ఈ లెక్క వేయువారిలో రాజ్యము ఒకటి. అత్యవసర పరిస్థితి కాలమున 1976–77లో ఒక్క సంవత్సరములో దేశమున 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. అందు బలవంతముగ జరిగినవి ఎన్నియో. ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీచేయరాదని 1994లో మన రాష్ట్రమున విధించిన నిబంధనను, జననములు తగ్గిపోవుచున్నవను చింతతో 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించినది. 30 ఏండ్లలో రాజ్యము మాట తారుమారైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 1.7 మాత్రమే. నిన్న వద్దన్నవారు నేడు కనుమన్నను, రెండు మాటలును చేరవలసిన చోటు ఆమె దేహమే గదా!

ఆ సర్వేయే మరియొక సత్యమును చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో దాదాపు 70 శాతము మంది సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. భర్తకు శస్త్రచికిత్స జరిగిన దంపతులు నూటికి ఒక్కరైనను లేరు. పురుషునికి జరుగు చికిత్స స్త్రీకి జరుగుదానికంటె సులభమైనదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అయినను భారము ఆమెకే దక్కినది. నాతిచరామి యన్నవాడు ఈ విషయమున తన వంతు ఏమని ఒక్కమారు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

లెక్క వేయువారిలో రెండవది ఇల్లు. కొడుకు కావలెనని కోడలిపై తెచ్చు ఒత్తిడి రాజశాసనముకంటె కఠినమైనది. పితృఋణము తీరుటకు పుత్రుడే కావలెనని వాదించువారు బృహదారణ్యకోపనిషత్తును స్మరింపవలెను. పండితురాలును, పూర్ణాయుష్మతియునగు కుమార్తె కావలెనని కోరు దంపతులు నువ్వులతో వండిన అన్నమును నేతితో కలిపి భుజింపవలెనని అందు విధి కలదు. కూతురును కోరి చేయు కర్మ వేదాంత గ్రంథముననే యున్నది. మద్రరాజైన అశ్వపతి 18 సంవత్సరములు వ్రతనిష్ఠతో సావిత్రీదేవిని ఆరాధించెను. అతడు కోరినది పుత్రులను. దేవి అనుగ్రహించినది ఒక కుమార్తెను. ఆ కుమార్తెయే యముని గెలిచి తన తండ్రికి నూర్గురు పుత్రులను, మామగారికి చూపును, రాజ్యమును సాధించిన సావిత్రి. అట్టివారు పుట్టుటకు ముందే ఎన్ని సావిత్రులను కోల్పోయితిమో! 1994లో లింగనిర్ధారణను నిషేధించు శాసనము వచ్చినది. అయినను దేశమున ఆరేండ్లలోపు బాలురు 1000 మందికి బాలికలు 1991లో 945 ఉండగా, 2001లో 927, 2011లో 920 కన్నను తక్కువ. శత్రువన్న అనుమానముతో ఇంద్రుడు తలపెట్టి మానుకొన్న పనిని, ఆడపిల్లయన్న కారణముతో మనవారు చేసిరి.

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న ఉదయించును. భ్రూణహత్యను శాస్త్రము ఘోరపాతకముగ చెప్పినది. మరి 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టము దానిని అనుమతించినది గదా? ఆ చట్టము తల్లి ప్రాణమునకు అపాయము, ఆమె దేహమనస్సులకు తీవ్రహాని, అత్యాచారము, పిండమున తీవ్రమైన లోపము మొదలగు సందర్భములను పరిగణించినది. 2021లో కొన్ని వర్గముల స్త్రీలకు గడువును 24 వారములవరకు పెంచినది. వయస్సు వచ్చిన స్త్రీ విషయమున ఆమె సమ్మతి చాలును. భర్త సమ్మతి కావలెనని చట్టము చెప్పలేదు. వివాహము కాలేదను కారణముతో ఏ స్త్రీకిని ఈ అవకాశమును నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది.

జీవము పవిత్రమను శాస్త్రవాక్యమును తేలికచేయరాదు. కాని దోషమును తూచునపుడు దేశమును, కాలమును, కర్త శక్తిని చూడుమని చెప్పినదియు శాస్త్రమే. అత్తింటివారు నిర్బంధింపగా ఆడపిండమును కోల్పోయిన ఇల్లాలిని పాపిష్ఠి యనుట ధర్మమా? పశుబలమునకు గురియైన బాలికను, నువ్వే మోయుమని శాసించుట ధర్మమా? ప్రాణాపాయమున నున్న తల్లిని వదలి వంశమును గూర్చి చింతించుట ధర్మమా? నిర్బంధించి తొలగింపజేయువాడును, నిర్బంధించి మోయించువాడును ఒకే తప్పు చేయుచున్నారు. ఇద్దరును ఆమెను అడుగలేదు. అట్టి సంకటమున ఆమె వైద్యుని సలహాతో, తన అంతరాత్మతో నిర్ణయించుకొనవలెను. ఇంటివారి కర్తవ్యము ఆమెకు భయము లేని చోటు కల్పించుట. నారదాశ్రమము చేసినది అదియే.

మఱి సంతానము లేని దంపతుల మాటయేమి? గొడ్రాలను మాటతో ఎందరు స్త్రీలు కృశించిరో ఆలయ ప్రాంగణములే సాక్షి. లోపము ఇరువురిలో ఎవరియందైనను ఉండవచ్చునని వైద్యులు చెప్పినను నింద మాత్రము ఆమెకే. వారు ఏడుకొండలవాని కథనే తలచుకొనవలెను. ఆకాశరాజు పొలము దున్నించుచుండగా పద్మమున దొరికిన శిశువే పద్మావతి. ఆయన ఆమెను కూతురని పెంచెను. ఆమెకు భర్తయై శ్రీనివాసుడే ఆయనకు అల్లుడాయెను. జనకునకు సీత నాగేటిచాలున లభించినది. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తునకు గోదాదేవి తులసివనమున లభించినది. కన్నవారు గాక పెంచినవారే ఆ ముగ్గురు తల్లుల పేరుతో నేటికిని పూజ్యులు. 1956 నాటి దత్తత చట్టము కుమార్తెను కూడ దత్తు తీసికొనుటకు అవకాశమిచ్చినది. ఆకాశరాజు మార్గము నేటికిని తెరచియే యున్నది.

కావున సంబంధము కుదుర్చునపుడు పిల్లను ఒంటరిగ అడిగి ఆమె సమ్మతి తెలిసికొనవలెను. బిడ్డలు ఎప్పుడు, ఎందరు అను మాట భార్యాభర్తలు సఖులవలె కూర్చుండి మాటాడుకొనవలెను. ఆడపిల్ల పుట్టిన ఇంట ముఖములు చిన్నబుచ్చుకొనరాదు. మనుమడు కావలెనని మ్రొక్కుకొన్న అత్తగారు ఆ మ్రొక్కుతోపాటు కోడలి ఆరోగ్యమును కూడ స్వామిని వేడుకొనవలెను.

లీలావతికి వరము నిచ్చినవాడు మహర్షి. నేడు ఆ వరము నీయగలవారు భర్త, అత్తమామలు, తల్లిదండ్రులు. రాక్షసుని ఇల్లాలికే ఆశ్రమమున లభించిన అభయము భక్తుల ఇండ్లలోని ఇల్లాండ్రకు లభింపకున్న ఆ భక్తి ఏపాటిది? అలమేలుమంగా సమేతుడైన శ్రీ వేంకటేశ్వరుడు ప్రతి గృహమును అట్టి అభయాశ్రమముగ చేయుగాక!