తడబడినా సరే, వెళ్ళిరండి

ధ్యానభాగం: 2 తిమోతి 4:9–22

పెళ్ళిపందిట్లో కూర్చుని ఉంటారు. ఎవరో నవ్వుతూ దగ్గరికొచ్చి, వంగి చేయి పట్టుకుని, "అత్తయ్యా, నన్ను గుర్తుపట్టారా?" అంటారు.

ముఖం ఎరిగినదే. పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చుట్టూ నలుగురూ మీ వంకే చూస్తున్నారు. "నిన్ను గుర్తుపట్టకపోవడమేంటి నాయనా! అమ్మ బాగుందా?" అని ఎలాగో గట్టెక్కుతారు. అతను అటు వెళ్ళగానే పక్కనున్న చెల్లెలు చెవిలో అంటుంది: "వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయిందక్కా."

ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకేమైనా అవుతోందా? ఇలా మొదలై ఇది ఎందాకా పోతుంది? రేపు నా పిల్లల్నే పోల్చుకోలేకపోతే?

మళ్ళీ ఎక్కడినుంచైనా శుభలేఖ వస్తే, "మోకాళ్ళ నొప్పులమ్మా, అంత దూరం రాలేను" అంటారు. మోకాళ్ళ నొప్పులు అబద్ధం కాదు. కానీ మీరు ఆగిపోయింది వాటివల్ల కాదని మీకు తెలుసు. మీ ప్రభువుకూ తెలుసు.

ఈ మధ్య చెవి కూడా కాస్త మందగించింది. దూరదేశంలో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో గబగబా ఏదో చెప్తుంది. సగం అందదు. మూడోసారి "ఏంటమ్మా?" అనడానికి మొహమాటం. నవ్వేసి, ఫోన్ పక్కవాళ్ళ చేతికిచ్చేస్తారు. ఇదివరకు ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల దగ్గర అరగంట కబుర్లు నడిచేవి. ఇప్పుడు ఆశీర్వాదం అవుతూనే చెప్పులు వెతుక్కుంటున్నారు. స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమంటే, "ఈసారికి ఇంకెవరిచేతైనా చెప్పించండి" అంటున్నారు. మధ్యలో మాట మరిచిపోతే ఎలాగని భయం.

ప్రియ నేస్తమా, ఒక సంగతి గమనించారా? మనుషులంటే మీకు ఇష్టం తగ్గలేదు. వాళ్ళ ముందు తడబడతానేమోనన్న దిగులు మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెడుతోంది. అయితే ఏ మతిమరుపుకు భయపడి మనుషులకు దూరమవుతున్నారో, దాన్ని తట్టుకోవడానికి మెదడుకు కావలసిన సాయంలో కొంత ఆ మనుషుల దగ్గరే ఉంది.

బంధువు ఎదురైతే మనం ఏం చేస్తామో చూడండి. వరస తేల్చకుండా వదలం. "మీ అమ్మ మా మేనత్త కూతురే కదా! అంటే నాకు వదిన. అయితే నువ్వు నాకు మేనల్లుడివి. మరి మీ పెద్దక్కను ఇచ్చింది తెనాలా, బాపట్లా?" అంటూ మొదలుపెడతాం. ఆ మాట అనడానికి ముఖంలో పోలిక పట్టాలి. ఆ గొంతు ఎక్కడ విన్నామో వెతుక్కోవాలి. ఏ ఊరో, ఏ ఇంటివాళ్ళో గుర్తు తెచ్చుకోవాలి. ఈలోగా ఎదుటి మనిషి చెప్పేది వింటూ, ఆ కళ్ళల్లో సంతోషముందో బాధ ఉందో పసిగట్టి, దానికి తగ్గ జవాబు చెప్పాలి.

రెండు నిమిషాల పలకరింపులో జ్ఞాపకం, వినికిడి, మాట, ధ్యాస అన్నీ ఒక్కసారే పనిలోకి దిగుతాయి. సీరియల్ ముందు రెండు గంటలు కూర్చున్నా మెదడుకు ఇంత పని తగలదు. సీరియల్ మన జవాబు కోసం ఆగదు కదా.

షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో 1997 నుంచి వృద్ధుల జ్ఞాపకశక్తి మీద ఒక పరిశోధన నడుస్తోంది. అందులో చేరినవాళ్ళు ఏటేటా పరీక్షలకు కూర్చుంటారు. తాము చనిపోయాక తమ మెదడును పరీక్షించుకోవచ్చని ముందే ఒప్పుకుంటారు. అంతకు మూడేళ్ళ ముందు, 1994లో, అక్కడివారే కథోలిక సిస్టర్లతో, ఫాదర్లతో ఇలాంటి పరిశోధనే మొదలుపెట్టారు. తాము పోయాక కూడా ఎవరికో మేలు జరగాలని మెదడునే ఇచ్చివెళ్ళిన ఆ పెద్దవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

1997లో మొదలైన ఆ పరిశోధనలో తేలిన ఒక విషయాన్ని 2006లో ప్రచురించారు. మనసు విప్పి మాట్లాడుకోగలిగిన పిల్లలు, చుట్టాలు, స్నేహితుల్లో నెలకు ఒక్కసారైనా కలిసేవాళ్ళు ఎంతమందో బ్రతికుండగా అడిగి రాసుకున్నారు. ఆ తరువాత మెదడులో అల్జైమర్స్ జబ్బు గుర్తులు ఏమేరకు ఉన్నాయో చూశారు. ఇద్దరి మెదడులో జబ్బు గుర్తులు ఒకే మోతాదులో ఉన్నా, అయినవాళ్ళు ఎక్కువమంది ఉన్నవారి తెలివి, జ్ఞాపకం మెరుగ్గా నిలబడ్డాయి.

పెద్దరోడ్డుకు గండి పడినా, ఊరి సందులన్నీ తెలిసిన మనిషి ఎలాగో ఒకలా ఇల్లు చేరతాడు. నలుగురితో మాటామంతీలో ఉండే మెదడుకు కూడా ఇలాంటి అడ్డదారులు ఎక్కువ తెలిసి ఉంటాయని వైద్యులు భావిస్తున్నారు.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల బృందం, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పును పెంచే విషయాల్లో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని చెప్పింది. బీపీ, షుగర్, పొగతాగడం లాంటి వాటితోపాటు మనుషులకు దూరంగా ఉండిపోవడం కూడా అందులో ఉంది. పట్టించుకోకుండా వదిలేసిన వినికిడి లోపం, చూపు లోపం కూడా ఉన్నాయి. అన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేలానో చేయవచ్చని వారి అంచనా. ఆ 45లో మనుషులకు దూరం కావడం వాటా సుమారు 5, వినికిడి లోపం వాటా సుమారు 7.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పక్కన మనిషి ఉంటే వేళకు ఇంత తింటాం. బీపీ మాత్ర వేసుకున్నావా అని ఒకరు అడుగుతారు. మాట్లాడుకుంటూ వీధి చివరిదాకా నడిచొస్తాం. లోపలి దిగులు కాస్త బయటికి వస్తుంది. ఎడతెగని దిగులు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది చాలాకాలం ఎక్కువగా ఉంటే, జ్ఞాపకాలను కూర్చే మెదడు భాగానికి మంచిది కాదు.

ఇదంతా చెప్పి మీ మీద ఇంకో బరువు పెట్టాలని కాదు. ఇల్లంతా మనుషులు ఉన్నవాళ్ళకు కూడా డిమెన్షియా వస్తుంది. అది ఎవరి పాపఫలమూ కాదు, ఎవరి విశ్వాసం తక్కువై వచ్చేదీ కాదు. ఒక పేరు గుర్తురానంత మాత్రాన ఆ జబ్బు మొదలైనట్టు కాదు. వయసు మీదపడ్డాక పేర్లు ఆలస్యంగా అందడం మామూలే. తెలిసిన దారిలోనే తప్పిపోతున్నా, రోజూ వండే కూరకు ఏది ముందో ఏది వెనకో తెలియకపోతున్నా డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ తేడా, బి12 లోపం కూడా మతిమరుపులా కనబడతాయి. వాటికి మందులున్నాయి.

ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. మీ జ్ఞాపకం బాగున్నందుకు మీరు దేవుని బిడ్డ కాలేదు. ఆయన మిమ్మల్ని జ్ఞాపకం ఉంచుకున్నాడు గనుక ఆయనవారయ్యారు. మీరు తడుముకుంటున్న పేరు ఆయనకు తెలుసు. నిద్రపట్టని ఆ రాత్రి మీరు ఎన్నిసార్లు అటూ ఇటూ దొర్లారో కూడా తెలుసు.

"నాకు దేవుడున్నాడు, అది చాలు. మనుషులతో పనేముంది?" అని కొన్నిసార్లు అనుకుంటాం. ఆ మాట ఒక్కోసారి విశ్వాసంలోంచి వస్తుంది. ఒక్కోసారి నొచ్చుకున్న మనసులోంచి వస్తుంది. మీరు అన్నప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? నెమ్మదిగా మిమ్మల్ని మీరే అడిగి చూడండి.

పెద్దవాడైన పౌలు చెరలో ఉండి తిమోతికి రాసిన ఉత్తరంలో చివరి అధ్యాయం తెరవండి. కొందరు ఆయన్ని విడిచి వెళ్ళిపోయారు. లూకా ఒక్కడే దగ్గరున్నాడు. మొదటి విచారణ రోజున తన పక్షాన ఒక్కరూ నిలబడలేదని, అయినా ప్రభువు పక్కన నిలిచి బలమిచ్చాడని పౌలు సాక్ష్యం చెప్తాడు.

అంత గొప్ప సాక్ష్యం ఉన్నవాడు ఇక నాకెవరూ అక్కర్లేదు అనాలి కదా? అనలేదు. అదే అధ్యాయంలో తిమోతిని త్వరగా రమ్మంటాడు, చలికాలం రాకముందే బయలుదేరమంటాడు. త్రోయలో వదిలొచ్చిన అంగీ తెమ్మంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు. మార్కును కూడా వెంటబెట్టుకు రమ్మంటాడు. ఒకప్పుడు ఆ మార్కు విషయంలోనే బర్నబాతో మాటామాటా పెరిగి విడిపోయిన మనిషి ఈయన! చివర్లో ప్రిస్కకు, అకులకు, ఒనేసిఫోరు ఇంటివాళ్ళకు వందనాలు చెప్పమని ఒక్కొక్కరినీ తలుచుకుంటాడు.

ప్రభువు తోడుండటం, మనిషి తోడు అడగటం పౌలుకు ఒకదానికొకటి అడ్డం కాలేదు. ప్రభువు పక్కనున్నాడన్న ధైర్యం ఉంది గనుకే, నాకు నువ్వు కావాలి, రా, అని నామోషీ పడకుండా రాయగలిగాడు. అంతటి అపొస్తలుడికి లేని నామోషీ మనకెందుకు?

అందుకే ఈ రోజు చిన్నగా మొదలుపెడదాం. చాలాకాలంగా మాట్లాడని ఒక్కరికి ఫోన్ చేయండి. "బాగున్నారా? ఆ, బాగున్నాం" దగ్గర పెట్టేయకండి. వాళ్ళమ్మ గోంగూర పచ్చడి ఎలా నూరేదో అడగండి. చిన్నప్పుడు క్రిస్మస్‌కు ఊళ్ళో ఏ పాటలు పాడేవారో అడగండి. జవాబు వినండి, మీకు గుర్తున్నది మీరు చెప్పండి.

పేరు గుర్తురాకపోతే దాచుకోకండి. "పేరు నోట్లోనే ఉంది నాయనా, రావట్లేదు, నువ్వే చెప్పు" అనండి. నిజంగా మిమ్మల్ని కోరుకునేవాళ్ళు నవ్వుతూ చెప్తారు. మనవరాలితో, "కాస్త నిదానంగా చెప్పు తల్లీ, నీ మాట పోగొట్టుకోవడం నాకిష్టం లేదు" అనండి. చెవి పరీక్ష వాయిదా వేస్తూ వచ్చారేమో, ఈ వారం చేయించుకోండి. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోండి. కళ్ళజోడుకు లేని సిగ్గు దానికెందుకు?

ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నారా? అయితే మీ పాస్టరుగారికి కబురు చేసి, ఒక గృహ ప్రార్థన మీ ఇంట్లో పెట్టమనండి. టీ, బిస్కెట్లు చాలు, మర్యాదలేమీ అక్కర్లేదు. రోజూ మీరు ప్రార్థనలో తలుచుకునే వాళ్ళున్నారు కదా, వారిలో ఒకరికి ఆ సంగతి స్వయంగా చెప్పండి. మీ గొంతు వినాలని మీకన్నా ఒంటరిగా ఎదురుచూస్తున్నవాళ్ళు మీ వీధిలోనే ఉండొచ్చు. దేవుడు వారికి పంపదలచిన తోడు మీరే కావచ్చు.

ప్రార్థన: ప్రభువా, నా భయం నీకు తెలుసు. నా మెదడును, నా మాటను, నా రేపటి రోజును నీ చేతిలో పెడుతున్నాను. నువ్వు నా కోసం ఉంచిన మనుషులను సిగ్గుపడి దూరం చేసుకోకుండా నన్ను కాపాడు. సాయం అడగడానికి వినయాన్ని, ముందుగా పలకరించడానికి ధైర్యాన్ని ఇవ్వు. మతిమరుపుతో బాధపడుతున్న వారిని, వారిని చూసుకుంటూ అలసిపోయిన వారిని ఆదరించు. యేసు నామమున అడుగుతున్నాను, ఆమేన్.

నేటి తీర్మానం: ఈ సాయంత్రంలోగా ఒక్కరిని నేనే ముందుగా పలకరిస్తాను. మాట తడబడితే తడబడనిస్తాను గానీ, పలకరించడం మానను.