సాక్షి చేతిలో బాడిస

చాల యేండ్ల క్రిందట, ఒక కర్మాగారపు స్విచ్‌రూములో అర్ధరాత్రి దాటిన వేళ, నాతో పనిచేయుచుండిన ముసలి ఎలక్ట్రీషియన్ ఒకరు నన్నొక ప్రశ్న యడిగిరి. అప్పటికి మేము 12 బ్రేకర్లు గల ప్యానెలునకు మాటలు నేర్పుచుంటిమి. అనగా, ఒక్కొక్క బ్రేకరు పొట్టలోనుండు ట్రిప్ యూనిట్‌ను వరుసగా ఒకే జంటతీగతో కూర్చి, ఆ తీగ కొసను కంట్రోల్ రూములోని కంప్యూటరునకు చేర్చి, ఏ ఫీడరు ఎంత కరెంటు తీసికొనుచున్నదో, ఏది యెప్పుడు ఏ కారణమున ట్రిప్ అయినదో కూర్చున్నచోటనుండియే తెలిసికొను నేర్పాటు చేయుచుంటిమి. పది బ్రేకర్లు చక్కగా పలికినవి. తక్కిన రెండును, కలహించు దంపతులవలె, ఒకదాని మాటపై నొకటి పడి అర్థముకాని రొదను మాత్రమే పంపుచుండెను. తెల్లవారులోగా పని ముగియనిచో ఉత్పత్తి నిలిచిపోవునని యొకవంకను, తెరపై కనబడని బ్రేకరునకు లోడు ఇచ్చుట ప్రమాదమని వేఱొకవంకను అధికారి తొందరపడుచుండగా, ఆయన చేతిలోని టార్చిలైటు ఆర్పి, నాకు మాత్రమే వినబడునట్లు, "కంప్యూటరు చూడకపోతే బ్రేకరు ట్రిప్పవదా బాబూ?" అనిరి.

ట్రిప్పగును, తప్పక యగును. ఇంత సులభమైన యుత్తరముగల ప్రశ్న నన్నిన్నేండ్లును విడువకుండుటకు కారణమేమనగా, దానియందొక ప్రాచీన వివాదము దాగియున్నది. చూచువాడు వేఱు, చేయువాడు వేఱా? చేయువాని ధర్మము చూచువానిపై నాధారపడునా? చూచుచు చూచుచుండగా సాక్షికి కర్తృత్వమంటుకొనునా?

మొదట చేయువానిని చూతము. పూర్వపు బ్రేకర్లలో ఈ పని రెండు లోహముల పట్టీ చేసెడిది. అధికప్రవాహమువలన వేడెక్కి, రెండు లోహములును సమముగా వ్యాకోచింపలేక వంగి, కొక్కెమును తప్పించెడిది. షార్టు సర్క్యూట్ వచ్చినచో ఆ వంగుట కొఱకు వేచియుండక అయస్కాంతపు చుట్ట లాగివేసెడిది. అది శరీరమున కుండు వివేకము. నిప్పు తగిలిన చేయి తనంతట వెనుకకు వచ్చుటవంటిది. ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్ అచట బుద్ధిని ప్రవేశపెట్టినది. అది ప్రవాహమును క్షణక్షణము కొలుచును. కొంచెము మీఱినచో నిమిషములకొలది సహించును, ఎక్కువ మీఱినచో తక్కువ సహించును, మిక్కిలి మీఱినచో అసలే సహింపదు. దారితప్పి భూమిలోనికి పోవు కరెంటునకు వేఱొక కొలత నుంచుకొనును. పనివారు ఈ నాల్గింటిని లాంగ్ టైమ్, షార్ట్ టైమ్, ఇన్‌స్టంటేనియస్, ఎర్త్ ఫాల్ట్ అందురు. నాకు మాత్రము వానిని సెట్ చేయుచున్నప్పుడెల్ల క్షమకు గల హద్దులను లెక్కకట్టుచున్నట్లుండును. అంతకంటె నాశ్చర్యకరమైనది దాని యాహారము. రక్షించుటకు దానికి బయటి విద్యుత్తు అక్కఱలేదు. బ్రేకరులోని ప్రధానపు కడ్డీల చుట్టు అమర్చిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, ఏ ప్రవాహమును విచారింపవలెనో ఆ ప్రవాహమునుండియే కొంత గ్రహించి దానిని పోషించును. నేరస్థుని సొత్తుతోనే న్యాయస్థానము నడచునన్నమాట. మాటలాడుటకు మాత్రము 24 వోల్టుల డీసీ సరఫరా వేఱుగా కావలెను. ఆ సరఫరా పోయినచో బ్రేకరు మూగదగును గాని గ్రుడ్డిది కాదు, కుంటిదియు కాదు.

ఇక సాక్షి. ఆ జంటతీగపై నడచు భాష పేరు మాడ్‌బస్. 1979లో మోడికాన్ అను సంస్థ దానిని వెలువరించినది. దాని మర్యాదలు మన సభామర్యాదలకంటె కఠినములు. కంప్యూటరు పేరుపెట్టి పిలిచినగాని బ్రేకరు నోరు తెఱవదు. పిలిచినచో అడిగినంత మాత్రమే చెప్పును. అడిగిన మాట దారిలో చెడినదని లెక్కలో తేలినచో ఊరకుండును. పేరనగా 1 మొదలు 247 వఱకు గల యొక యంకె. సున్నకు పంపిన మాటను అందఱును విందురు, ఎవరును బదులీయరు, అధ్యక్షోపన్యాసమువంటి దనుకొనవచ్చును. ఇద్దఱికొక్క పేరు పెట్టినచో ఇద్దఱును ఒక్కసారి పలికి ఇద్దఱి మాటయు పాడగును; ఆ రాత్రి మాకు జరిగినది ఇదియే, రెండు యూనిట్‌లకును 7 అను నంకెయే యుండెను. ఒక మాటకును మఱియొక మాటకును నడుమ గుర్తు మౌనము: మూడున్నర అక్షరముల కాలము తీగ నిశ్శబ్దముగా నుండినచో ముందటి మాట ముగిసినట్లు. సెకనునకు 19,200 బిట్లు నడచు తీగపై ఆ మౌనము సుమారు 2 మిల్లీసెకన్లు. తీగ కొసలను ఊరక విడిచినచో మాట అచట తగిలి, మరల వెనుకకు వచ్చి, తరువాతి మాటను చెఱచును. అందుచేత రెండు కొసలయందును 120 ఓముల రెసిస్టరు నొక్కొక్కదానిని తగిలించి మాటను అచటనే జీర్ణింపజేయవలెను. సరఫరా ఆపి ఆ జంటతీగపై మల్టీమీటరు పెట్టినచో 60కి దగ్గఱగా చూపవలెను. 120 చూపినచో ఒక కొస మఱచితిమి, 40 చూపినచో నడుమ నెవరో మూడవది బిగించిరి. దీర్ఘకాలము ఈ భాషలో అడుగువానికి యజమాని యనియు, బదులు చెప్పువానికి దాసుడనియు వ్యవహారముండెను. 2020లో ఆ భాషను కాపాడు సంస్థ ఆ పేర్లను విడిచి క్లయింటు, సర్వరు అను పేర్లు గైకొన్నది. ఆ వార్త బ్రేకర్లకు చేరినట్లు లేదు. నేటికిని అవి పిలువనిదే పలుకవు.

ఇచట కాలమును గూడ గమనింపవలెను. పెద్ద షార్టు సర్క్యూట్ కలిగినప్పుడు బ్రేకరు దానిని సెకనులో ఇరువదవ వంతు లోపలనే తెంచివేయును. కంప్యూటరో, ఒక్కొక్కదానిని వరుసగా పలుకరించుచు 12 బ్రేకర్లను చుట్టివచ్చుటకు సెకనో రెండు సెకన్లో తీసికొనును. అనగా వార్త తెరకెక్కు నప్పటికి యుద్ధము ముగిసినది. మనము ప్రత్యక్షమని భ్రమించి చూచు ఆ తెర నిజమునకు స్మృతియే. స్మృతి లేకున్నను కర్మ జరుగును. స్మృతి యున్నంత మాత్రమున కర్మ జరుగదు. ఆ పెద్దాయన ప్రశ్నకు మొదటి యుత్తరమిది.

రెండవది యంత సులభము కాదు. బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయమున, జీవునకు కర్తృత్వము గలదా యను విచారములో, వడ్రంగి దృష్టాంతమొకటి వచ్చును. సూత్రము మిక్కిలి చిన్నది. వడ్రంగికి రెండు స్థితులు గలవని సూచించి విడుచును. శంకరులు దానిని వ్యాఖ్యానించుచు, బాడిస మొదలైన పనిముట్లు చేతనున్నంతవఱకే వడ్రంగి కర్తయై శ్రమపడుననియు, ఇల్లు చేరి వానిని దింపిన పిమ్మట వ్యాపారరహితుడై సుఖముగా నుండుననియు, అట్లే ఆత్మకును కర్తృత్వము ఉపాధివలన వచ్చినదే గాని స్వభావము కాదనియు తేల్చిరి. రామానుజులకు ఆ వడ్రంగియే వేఱుగా కనబడెను: పనిముట్లు దగ్గఱనున్నను తలచినప్పుడు చేయును, తలపనప్పుడు మానును, కావున కర్తృత్వమాతనిదే. ఒక్క బాడిస. ఒకరికి దానిని దింపుట ముఖ్యము; మఱియొకరికి దానిని పట్టినవాని సంకల్పము ముఖ్యము.

నెట్‌వర్కు అమర్చు నింజనీరు ఎదుట ఈ రెండు వ్యాఖ్యలును నిజముగనే వచ్చి నిలుచును. బ్రేకరులో స్ప్రింగును బిగించు మోటారును, మూయుటకును తెఱచుటకును చుట్టలును పెట్టి, ట్రిప్ యూనిట్‌లో వ్రాత యనుమతి నిచ్చినచో, చూచుటకై వేసిన తీగపైననే ఆజ్ఞలు గూడ నడువగలవు. దూరమునుండి బ్రేకరును తెఱవవచ్చును, మూయవచ్చును, రక్షణ హద్దులను సైతము మార్చవచ్చును. సాక్షి చేతికి బాడిస నిచ్చుట యనగా నిదియే. సంకేతపదమున్నది గదా, అధికారి వివేకి గదా, తలపనప్పుడు చేయడు గదా యని యొక పక్షము. అసలు బాడిసయే యీయవలదు, చదువుట మాత్రమే యుంచి వ్రాతను మూసివేయవలెనని రెండవ పక్షము. మూలరూపమున మాడ్‌బస్ ఎన్నడును "నీవెవరవు?" అని యడుగదు, అంకెలు సరిపోయిన ప్రతి యాజ్ఞయు దానికి యజమాని యాజ్ఞయే. అధికారవిచారము లేని వేదాంతము నెట్లు బోధింపరాదో, అధికారవిచారము లేని తీగకు బాడిస నట్లే యీయరాదని నా మతము.

2015 డిసెంబరు 23న యుక్రెయిన్ దేశమున మూడు విద్యుత్ పంపిణీ సంస్థలలో జరిగినది ఇందుకు దృష్టాంతము. దూరమునుండి చొచ్చినవారు సబ్‌స్టేషన్ల బ్రేకర్లను ఒకదానివెంట నొకటి తెఱచివేయుచుండగా, ఒక కంట్రోల్ రూములోని యుద్యోగులు తమ తెరపై మౌస్ బాణము తనంతట తాను కదలి బ్రేకర్లపై నొక్కుచుండుటను కన్నులార చూచిరి, ఆపబోయినను ఆపలేకపోయిరి. సుమారు 2,25,000 వినియోగదారులకు కొన్నిగంటలు వెలుతురు లేకపోయెను. అవి మా ప్యానెలులోని చిన్న బ్రేకర్లు కావు, సబ్‌స్టేషను బ్రేకర్లు. ఐనను నాకు మనసున నాటుకొన్నది ఆ యుద్యోగుల స్థితి. బాడిస వారిదే, చేయి వారిదే, తెర వారిదే. కదలించు సంకల్పము మాత్రము వేఱెవరిదో. తుదకు మనుష్యులు బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేతులతో బ్రేకర్లు మూసిరి.

ఇందుకొక యాక్షేపము గలదు, అది న్యాయమైనదే. బ్రేకర్ల నడుమ జోన్ ఇంటర్‌లాకింగ్ అను వేఱొక సంభాషణ గలదు; అది కంప్యూటరుతో నిమిత్తము లేక క్రింది బ్రేకరునుండి పై బ్రేకరునకు పోవు జంటతీగ. దోషము తన క్రిందనున్నదని గ్రహించిన చిన్న బ్రేకరు, "ఇది నా పాలిటిది, నీవాగుము" అని పైదానికి సంజ్ఞ పంపును. ఆ సంజ్ఞ అందిన పెద్ద బ్రేకరు తనకు నిర్ణయించిన గడువు వఱకు ఓర్చును. అందనిచో దోషము తన హద్దులోనిదే యని తలచి గడువు చూడక తెంచివేయును. ఇచట మాట కర్మను మార్చుచున్నది గదా, సాక్షికిని కర్తకును గీచిన గీత చెరిగినది గదా యని యడుగవచ్చును. చెరిగినది. కాని యీ మాటకు ఓర్పును కోరు శక్తియే కలదు గాని కర్మను మాన్పు శక్తి లేదు. తీగ తెగినచో పెద్దది తొందరపడి, అక్కఱలేని చోట గూడ చీకటి చేయును. రక్షణ మాత్రము చెడదు. దీనిని కల్పించినవారెవరో నే నెఱుగను గాని, తెగినపుడును ధర్మమువైపే పడునట్టి మాటను కల్పించినవారిని ఋషులనుటకు నాకు సంకోచము లేదు.

ఇంతవఱకు శంకరుల పక్షమున నున్న నేను ఇచట పక్షము మార్చుకొనవలసియున్నది. తీగకు బాడిస వలదంటిని, మనుష్యునకు వలదనగలనా? దూరదర్శనము మాట వచ్చినప్పుడెల్ల అందఱును సంజయుని తలతురు. నాకెప్పుడును ధృతరాష్ట్రుడే తలపునకు వచ్చును. సంజయుడు చూచెను, చెప్పెను. ఆతని పని యంతే. విన్నవానికి చేతులు గలవు, సింహాసనము గలదు. వార్తవెంట వార్త వినుచు ఏమియు చేయక కూర్చుండెను. మఱియొక కర్మాగారమున ఒక ఫీడరు ట్రిప్ యూనిట్, ప్రవాహము తన హద్దులో 90 శాతము దాటినదని వారములతరబడి హెచ్చరిక పంపుచునే యుండెను. తెరపై నొక మూల పసుపు చుక్క వెలుగుచుండెను. షిఫ్టునకొక యుద్యోగి దానిని చూచి, అలవాటుపడి, చూచుట మానెను. ఒక సాయంకాలము కేబుల్ లగ్గు మాడి వాసన కొట్టినది. బ్రేకరు తన పని తాను చేసెను. ఎవరికిని దెబ్బ తగులలేదు గాని ఒక షిఫ్టు పని పోయెను. విచారణలో ప్రతివాడును "నేను చూచితిని" అనెనే గాని "నేను చేసితిని" అన్నవా డొక్కడును లేడు. ఆత్మ నిష్క్రియమగు గాక. జీతము తీసికొను సాక్షి నిష్క్రియుడనుట నేనొప్పుకొనను. రామానుజుల వడ్రంగి యాతడే: పనిముట్లు ఎదుటనున్నవి, తలపలేదు, అంతే.

ఆ మొదటి రాత్రి మాట ముగింపవలసియున్నది. రెండవ యూనిట్‌కు 8 అను పేరు పెట్టగానే పండ్రెండును పలికినవి. దానికి ముందు, ఆ పెద్దాయన ఎదుటనే, కమ్యూనికేషను కనెక్టరును ఊడదీసి, టెస్ట్ కిట్టుతో యూనిట్‌లోనికి దోషమంత సంకేతమును పంపితిని. బ్రేకరు ఠప్పున పడెను. తెరపై నేమియు లేదు. ఆయన తలయూపి టార్చిలైటు వెలిగించిరి. నాటినుండి తీగ ఊడదీసిన పిమ్మటనే ఆ పరీక్ష చేయుట నాకలవాటు.

ఈ వ్యాసము చదువువారిలో ప్యానెలు తాళపుచెవి చేతనున్నవారుండినచో, వారికొక విన్నపము: రేపు పోయి లోకల్, రిమోట్ అను మీట ఏ వైపున నున్నదో చూచి రండు. తలుపు తెఱచినప్పుడే ఈ నెల ఈవెంట్ లాగును గూడ మొదటినుండి తుదివఱకు చదివి రండు.