మోంపర్నాస్‌లో చిత్తూరు రంగులు

పారిస్‌లో టికెట్టు అడగని తలుపులు ఎన్నో ఉన్నాయి. లూవ్రు ముందు బారులు తీరిన జనం, మోనాలిసా ఎదుట పైకెత్తిన ఫోన్లు ఆ నగరానికి ఒక ముఖం మాత్రమే. దానికి వెనక, సన్నని వీధుల్లో, ఒక గది వెడల్పు మాత్రమే ఉండే బొమ్మల కొట్లున్నాయి. అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోవచ్చు. లోపలున్న మనిషికి "బోంజూర్" అని నోరారా చెప్పాలి, అది తప్పనిసరి మర్యాద. ఆ తర్వాత ఎంతసేపు నిలబడి చూసినా, ఏమీ కొనకుండా వచ్చినా, ఎవరూ ముఖం ముడుచుకోరు. చూడటమే ఒక పనిగా, అదీ పగలంతా చేయదగ్గ పనిగా ఎంచే ఊరిని చూస్తే నాకు గుండె నిండిపోతుంది.

చిత్తూరు ప్రాంతపు సోమల నుంచి వెళ్లినదాన్ని నేను. కొండలు, మామిడితోపులు, చింతమాన్లు, టమోటా మడులు చూస్తూ పెరిగిన కళ్లు నావి. అలాంటి కళ్లకు ఆ మహానగరంలో దారి చూపించేందుకు మా జిల్లా మనిషే ఒకరు ముందుగా నడిచి ఉన్నారు. ఆయన పేరు కృష్ణారెడ్డి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. మద్రాసు కళాక్షేత్రంలో కళావిభాగాన్ని నడిపారు, లండన్ స్లేడ్ కళాశాలలో శిల్పం చదివారు, 1950ల మొదట్లో పారిస్ చేరారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాటలు ఆయన మీద గాఢంగా పనిచేశాయి. చెట్టును పేరుతో కాక కళ్లతో చూడమన్న ఆ బోధ, నీటి సుడిని, పురుగు రెక్కను, మొలకెత్తే గింజను జీవితాంతం గీసిన మనిషికి ఎంతగా పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మోంపర్నాస్ పేటలో కాంపాన్ ప్రెమియేర్ అనే చిన్న వీధి ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్‌లో మొదలుపెట్టిన అచ్చు చిత్రాల కార్యశాల 1933లో ఈ వీధిలోని 17వ నంబరు ఇంటికి వచ్చింది. ఆ నంబరే దాని పేరయింది: అతెలియే 17. పికాసో, మిరో, జాకొమెత్తి అక్కడ రాగిరేకుల మీద వంగి పనిచేశారు. యుద్ధకాలంలో న్యూయార్కుకు తరలిపోయి, 1950లో మళ్లీ పారిస్ చేరిన ఆ కార్యశాలలోకి కృష్ణారెడ్డి అడుగుపెట్టారు. కొన్నేళ్లకు హేటర్ పక్కన నిలబడి దాన్ని నడిపే స్థాయికి ఎదిగారు. అదే వీధిలో 31వ నంబరు భవనం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. 1911 నాటి ఆ కట్టడం ముఖమంతా పింగాణీ పలకలు, పూల తీగలు, నిలువెత్తు కిటికీలు. చిత్రకారులకు వెలుతురు కావాలని కట్టిన ఇళ్లవి. వెలుతురును అద్దెకిచ్చే ఇళ్లు కట్టిన ఊరికి దణ్ణం పెట్టకుండా ఎలా ఉండటం?

ఇప్పుడు ఆయన చేసిన పని సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ అద్భుతమంతా చేతిపనిలోనే ఉంది. లోహపు రేకును ఉలితో, ఆమ్లంతో తొలిచి, గాట్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి, యంత్రం రూళ్ల మధ్య నొక్కితే బొమ్మ అచ్చవుతుంది. నాలుగు రంగులు కావాలంటే మామూలుగా నాలుగు రేకులు చెయ్యాలి, నాలుగుసార్లు ఒత్తాలి, ఒక్క వెంట్రుకవాసి తప్పినా బొమ్మ చెదిరిపోతుంది. కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్, ఆ కార్యశాలలోని మరికొందరు కలిసి 1950ల్లో ఈ చిక్కును విప్పారు. రేకును రకరకాల లోతుల్లో చెక్కారు. సిరాల్లో అవిసె నూనె పాళ్లు మార్చి ఒకదాన్ని పల్చగా, ఒకదాన్ని చిక్కగా చేశారు. గట్టి రోలరు మెట్టను మాత్రమే తాకుతుంది, మెత్తని రోలరు పల్లంలోకీ దిగుతుంది. నూనె ఎక్కువున్న పల్చని సిరా ముందే పడిన చోట, తర్వాత వచ్చిన చిక్కని సిరా అంటుకోకుండా తప్పుకుంటుంది. అలా అన్ని రంగులూ ఒకే రేకు మీద, ఒకదాన్నొకటి చెరుపుకోకుండా పక్కపక్కనే కూర్చుంటాయి. ఒకే ఒక్క ఒత్తుకు బొమ్మంతా కాగితం మీదికి వస్తుంది.

ఆయన శిల్పి కూడా కాబట్టే ఇది ఆయన చేతిలో అంత ఎత్తుకు పోయిందని నా నమ్మకం. ఆయనకు రేకు చదునైన పలక కాదు, గుట్టలూ వంకలూ ఉన్న నేల. 1963లో చేసిన 'సుడిగుండం' చూడండి. వేలాది సన్నని గీతలు మధ్యలోకి జారిపోతుంటాయి, ఆ గీతల అంచుల్లో రంగులు ఒకదాన్లోకి ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతుంటాయి. నీళ్లను ఇంత లోపలి నుంచి చూసిన బొమ్మ నేను మరొకటి ఎరగను. 1968లో పారిస్ వీధుల్లోకి విద్యార్థులు వచ్చినప్పుడు ఆయన 'ప్రదర్శనకారులు' చేశారు. అలీగఢ్ నుంచి వచ్చిన జరీనా హష్మీ కూడా 1960ల్లో ఆ కార్యశాలలోనే నేర్చుకున్నారు. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనినీ ఒకే ప్రదర్శనలో ఉంచింది. కృష్ణారెడ్డి 1976లో న్యూయార్కు విశ్వవిద్యాలయంలో బోధించడానికి వెళ్లి, 2018లో అక్కడే కన్నుమూశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఇంత మనిషి పేరు మా బడి పుస్తకాల్లో నాకెక్కడా తగల్లేదు.

ఆయనకు శిల్పం నేర్పిన ఓసిప్ జాద్కిన్ ఇల్లు కాంపాన్ ప్రెమియేర్ వీధి నుంచి నడిచి వెళ్లేంత దూరం. అస్సా వీధిలో 100 నంబరు దాటాక ఒక సందు, సందు చివర ఒక తోట, తోటలో తెల్లని చిన్న ఇల్లు. జాద్కిన్ 1928 నుంచి చివరిదాకా ఉన్న ఆ ఇల్లు 1982లో మ్యూజియం అయింది. చూడటానికి మూడు నాలుగు గదులు మాత్రమే. అంతకంటే ఏం కావాలి? మాను మొదలునే తీసుకుని, దాని వంపు ఎటుంటే అటే మనిషి మెడనో భుజాన్నో వెతికిన శిల్పాలు అక్కడ కిటికీ వెలుగులో నిలబడి ఉంటాయి. చెక్క మీద ఉలి దెబ్బలు లెక్కపెట్టేంత దగ్గరగా పోవచ్చు. బయట చెట్ల కింద కంచు బొమ్మల మీద ఆకుల నీడలు కదులుతుంటాయి. ఆ ఇల్లూ, మోంపర్నాస్ రైల్వే స్టేషను అవతలి బూర్దెల్ మ్యూజియమూ నగరపాలకుల చేతిలోవి, ప్రత్యేక ప్రదర్శనలు లేనప్పుడు శాశ్వత సేకరణ చూడటానికి రుసుము లేదు. బూర్దెల్‌లో విల్లు లాగే హెర్క్యులిస్‌ను తప్పకుండా చూడాలి. నారి లేని ఆ విల్లును లాగుతున్న ఒంటిలో ప్రతి కండా బిగుసుకునే ఉంటుంది.

కళ్లు ఇంత పనిచేశాక కడుపు అడుగుతుంది. పారిస్ మధ్యాహ్నం పన్నెండుకు ఆకలిగొంటుంది, రెండు దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, కాబట్టి బొమ్మల దగ్గర ఎంత మైమరచినా గడియారం మీద ఒక కన్ను ఉండాలి. మోంపర్నాస్ స్టేషనులో బ్రెతాన్ ప్రాంతపు రైళ్లు వచ్చి ఆగుతాయి. పని వెతుక్కుంటూ ఆ రైళ్లలో వచ్చినవాళ్లు స్టేషను చుట్టుపక్కలే స్థిరపడి, తమ ఊరి తిండిని కూడా అక్కడే నిలబెట్టారు. అందుకే ఆ వీధుల్లో వరసగా క్రేప్ అనే పల్చని అట్ల హోటళ్లు. వాళ్ల గాలెట్‌ను చూడగానే నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. నల్లని గుండ్రని ఇనప పెనం, దాని మీద గరిటెడు జారు పిండి, చెక్క పుల్లతో ఒక్క తిప్పు, అంచులు లేచి కరకరలాడేదాకా ఓపిక: అచ్చం మా ఇంటి రాగిదోశ. రంగు కూడా ఆ మట్టిరంగే. బక్కనేలలో గోధుమ సరిగ్గా పండని చోట ఆ బ్రెతాన్ రైతులు బక్‌వీట్ వేసుకున్నారు, మా మెట్టనేలల్లో మావాళ్లు రాగులు చల్లుకున్నారు. అక్కడ కారం పచ్చడి బదులు కరిగిన జున్ను, పుట్టగొడుగులు, మధ్యలో పగలని గుడ్డుసొన. నాలుగు అంచులూ లోపలికి మడిచి పెడతారు. పక్కన మట్టి గిన్నెలో ఆపిల్ సైడర్. చివర గోధుమ క్రేప్ మీద ఉప్పు వెన్నతో చేసిన పంచదార పాకం. అది నాలుక మీద ముందు ఉప్పగా తగిలి, తర్వాత తియ్యగా సాగుతుంది. నేను మాట మరచిపోయి తిన్నాను.

ఫ్రెంచివాళ్ల భోజనాన్ని యునెస్కో 2010లో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. అందులో చేర్చింది ఏదో ఒక వంటకాన్ని కాదు, కలిసి కూర్చుని ఒక వరసలో, తీరికగా తినే అలవాటును. అది నాకు ఎంతో సబబుగా తోచింది.

మధ్యాహ్నం నదివైపు నడిచి సేన్ వీధికి చేరాను. ఆ వీధీ, దానికి అడ్డంగా ఉన్న బోజార్ వీధీ, పక్కనున్న మజారీన్ వీధీ చిన్న గ్యాలరీలతో నిండి ఉంటాయి. ఒకచోట ఆఫ్రికా ముఖతొడుగులు, పక్కనే నిన్నమొన్న కళాశాల దాటిన పిల్ల గీసిన నీలి కాన్వాసులు, ఆ పక్కన వందేళ్ల నాటి అచ్చులు. బల్ల మీద ధరల కాగితం, అమ్ముడైన బొమ్మ పక్కన ఎర్రచుక్క. అచ్చులు అమ్మే ఒక కొట్లో పెద్దాయన నా ముఖంలో ఏం చూశారో, వెడల్పు సొరుగులు ఒక్కొక్కటే లాగి, మధ్యన పరిచిన పల్చని కాగితాన్ని తొలగిస్తూ, ఒక్కో బొమ్మనూ కిటికీ వైపు వాల్చి చూపించారు. అచ్చును ఎదురుగా కాక ఏటవాలుగా చూడాలని అక్కడే తెలిసింది. అలా చూస్తే సిరా కాగితం మీద ఎక్కడ ఉబ్బి ఉందో, రేకు అంచు కాగితాన్ని ఎక్కడ నొక్కిందో కనిపిస్తుంది. పుస్తకంలో వేసిన ఫొటోలో అది దొరకదు.

ఆ అచ్చులు చూస్తుంటే అతెలియే 17 మళ్లీ గుర్తొచ్చింది. హేటర్ 1988లో పోయాక ఆ కార్యశాల అతెలియే కాంత్రప్వాన్ అనే పేరుతో దిదో వీధి 10వ నంబరులో కొనసాగింది. కృష్ణారెడ్డి తరం వాళ్లు విప్పిన ఆ రోలర్ల, సిరాల విద్య ఎన్నో దేశాల చేతులకు అక్కణ్నుంచే అందింది.

రాత్రి భోజనానికి మోంపర్నాస్ రహదారిలోని బుయ్యోన్ షార్తియేకి వెళ్లాను. పాత కాలపు పూలపలకల గోడలు, రంగుటద్దాల పైకప్పు, తెల్లని ఏప్రన్లు కట్టుకుని ఒంటికాలి మీద తిరిగే వడ్డించేవాళ్లు. తక్కువ ధరకే కడుపునిండా పెట్టాలన్న పాత మాట మీద నడిచే చోటు అది. బల్ల ఖాళీ లేకపోతే పరిచయం లేనివాళ్ల పక్కన కూర్చోబెడతారు. మొదట ఉడికించిన లీక్ కాడలు ఆవసాసులో, తర్వాత బంగాళాదుంపలతో చేప, ఆపైన జున్ను ముక్క, చివర కారమెల్ క్రీమ్. రొట్టె, కూజాలో నీళ్లు అడక్కుండానే వచ్చాయి. నా పక్కన కూర్చున్న ముసలి దంపతులు ఆ రోజు తాము చూసిన ప్రదర్శన గురించి వాదించుకుంటున్నారు. ఆమెకు నచ్చింది, ఆయనకు నచ్చలేదు. నన్నూ వాదనలోకి లాగారు. నేను కృష్ణారెడ్డి పేరు చెప్పాను. ఆయనకు తెలియదు, ఆమె మాత్రం పేరు మళ్లీ చెప్పించుకుని, సుడిగుండం సంగతంతా విని, పెన్ను తీశారు. వడ్డించేవాడు బల్ల మీది కాగితానికి ఒక మూలన నా లెక్క కూడి పెట్టాడు. ఆమె ఇంకో మూలన ఒక అచ్చుల గ్యాలరీ చిరునామా, తెరిచే వేళ రాసి, ఆ ముక్క చింపి నా చేతిలో పెట్టారు. పొద్దున పదకొండుకు తెరుస్తారట.