బడియే బిడ్డ చెంతకు రావలెను

అందఱికిని ఒకే పాఠము, ఒకే పీట, ఒకే గడువు నొసంగుటయే సమత్వమా? చూపు మందమైన బిడ్డ, వినికిడి తక్కువైన బిడ్డ, మాట ఆలస్యమైన బిడ్డ ఒకే తరగతిలో కూర్చుండినపుడు ఈ ప్రశ్న పుట్టును.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు దీనికి ఆచరణలో సమాధానము చూపెను. స్థావరలింగమును దర్శింప గుడి మెట్లెక్కవలెను. ఇష్టలింగమో, భక్తుని అరచేతికే వచ్చినది. నడువలేనివానికిని అది దూరము గాదు.

ఈ న్యాయము శిశుతరగతికిని వర్తించును. మెట్ల ప్రక్కన వాలుదారి, గురువు పెదవులు స్పష్టముగా కనబడు చోటు, ఆనాటి పనులను వరుసగా చూపు బొమ్మలు, సందడికి బెదరు బిడ్డకు ఒక నెమ్మది మూల — ఇవి దయాభిక్షలు గావు. పాఠము బిడ్డను చేరు దారులు.

"ఒక్కరికై పదిమంది నష్టపడవలెనా?" యని కొందఱందురు. ఆ బొమ్మల వరుస తక్కిన పిల్లలకును తోడ్పడును. గురువు సమయము పరిమితమనుట నిజమే; కావున సహాయకుని నియమించుట సంఘము బాధ్యత. అది బిడ్డ నేరము గాదు.

గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున, తాము అంధులయ్యును పంచాక్షర గవాయిగారు, వారి శిష్యులు పుట్టరాజ గవాయిగారు (1914–2010) అంధబాలురకు సంగీతము నేర్పిరి. కంటి ద్వారము మూసియున్నను విద్య చెవి ద్వారమున ప్రవేశించినది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వ గుర్తింపు గల విద్యాలయములు ఇట్టి బిడ్డలను వివక్ష లేక చేర్చుకొనవలెనని విధించినది. చట్టము తలుపు తెఱపింపగలదు. లోపల చోటు కల్పింపవలసినది మనము.

శిశువునకు లింగధారణ చేయునపుడు అంగవైకల్యమును విచారింపము. బడిలో చేర్చుకొనునపుడు మాత్రము విచారింప నేల?